వ్రేలికి తగిన స్విచ్చి

వ్రాసేవారికి పనిముట్టు మీద పట్టింపు ఉండడము నిన్న మొన్నటి సంగతి కాదు. తాటాకు మీద వ్రాసిన కాలములో గంటపు మొన మరీ వాడిగా ఉంటే ఆకు చిరిగేది. మొద్దుబారితే గీత పడేది కాదు. హైదరాబాదు ఛత్తా బజారులో శుభలేఖలు వ్రాసిన ఉర్దూ కాతిబులు రెల్లు కలమును చెక్కుకొని వాడేవారు. ఆ కలపు మొన వెడల్పు ఎంతో దానితో పెట్టిన చుక్క అంత. ఆ చుక్కలతోనే అక్షరాల ఎత్తును, వెడల్పును కొలుచుకొనేవారు. కలము మారితే కొలత మారుతుంది. ఉర్దూవారు కలం అన్నా, తెలుగువారు కలము అన్నా మాట ఒక్కటే. అది అరబ్బీలో నుండి పారసీకము మీదుగా మన యిండ్లలోనికి వచ్చిన మాట. మా కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చున్నట్లే, ఆ చిన్న మాటలో రెండు భాషలూ కలిసి కూర్చున్నవి.

ఆ కలము కూర్చున్న చోట ఈనాడు కీబోర్డు కూర్చున్నది. కంప్యూటరు కొనేటప్పుడు మనము దాని వేగమును అడుగుతాము, జ్ఞాపకశక్తిని అడుగుతాము, తెర వెడల్పును అడుగుతాము. దినమంతా మన పది వ్రేళ్లూ తాకే వస్తువును గూర్చి మాత్రము "ఏదో ఒకటి ఇవ్వండి" అంటాము. ఈ అశ్రద్ధ సరికాదని మా అభిప్రాయము. ప్రయోగశాలకు క్రొత్త కీబోర్డులు కొనవలెనన్న ఆలోచన కమిటీ పెద్దల ముందు ఉన్నందున, విద్యార్థులలో కూడ ఈ విషయమై వాదోపవాదాలు జరుగుతున్నందున, మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికలో మనవి చేస్తున్నాము.

ముందుగా మా తప్పును ఒప్పుకొనడము మంచిది. గత సంవత్సరము ఒక విద్యార్థిని ఉద్యోగ పరీక్ష కొరకు తెలుగు టైపు అభ్యాసము చేస్తూ ఉండేది. ప్రతి దినము ఆమె అచ్చుకాగితాలలో ఒకే తరహా తప్పులు. "స్త్రీ" అని ఉండవలసిన చోట "సతరీ", "విద్యార్థి" అని ఉండవలసిన చోట "విదయారథి". భాష వచ్చిన పిల్ల, వ్యాకరణము తెలిసిన పిల్ల. "సార్, నెల దినాల నుండి ఇదే తప్పు. నా ఎడమ చేతికి అలవాటు రావడము లేదు" అని ఆమె చిన్నబుచ్చుకొన్నది. మేము ఊరడించవలసినది పోయి, శ్రద్ధ చాలదని మందలించినాము. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా నోట కూడ వచ్చినది.

ఒక మధ్యాహ్నము వేరొక పని మీద అదే కంప్యూటరు వద్ద కూర్చొని మేము తెలుగు టైపు చేయవలసి వచ్చినది. మా అచ్చులో కూడ "సతరీ" వచ్చినది. కారణము అప్పుడు బోధపడినది. భారత ప్రభుత్వము 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు పొల్లు గుర్తు ఇంగ్లీషు డి అక్షరమున్న మీట మీద ఉంటుంది. "స్త్రీ" అని వ్రాయడానికి వరుసగా ఆరు మీటలు నొక్కవలెను: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. అనగా ఆరింటిలో రెండు సార్లు అదే డి మీట. ఒత్తక్షరాలు దండిగా ఉన్న మన భాషలో ఆ ఒక్క మీటకు పడే శ్రమ ఎంతటిదో ఊహించుకొనవచ్చును. ఆ కీబోర్డులో డి మీట క్రింది రబ్బరు నలిగిపోయి, రెండు సార్లు నొక్కితే ఒకసారి మాత్రమే పలికేది. తెలుగు అనుకొని కొనని పరికరము మీద తెలుగు బరువంతా పడినది. ఆడేవారి లోపము కాదు; ఈసారి మద్దెలే ఓడు. నెల దినాల పాటు ఆ అమ్మాయి తనను తాను నిందించుకొన్నది, మేమూ నిందించినాము. ఈ వ్యాసమునకు అదే మూలము.

ఇక విషయమునకు వద్దాము. మన ప్రయోగశాలలో ఉన్న సాధారణ కీబోర్డులో ప్రతి మీట క్రింద చిన్న రబ్బరు గుమ్మటము ఉంటుంది. మీటను అడుగుదాకా నొక్కితే ఆ గుమ్మటము కూలి, క్రింద ఉన్న పలుచని ప్లాస్టిక్ పొరలను కలుపుతుంది. అప్పుడు అక్షరము పడుతుంది. చౌకగా తయారవుతుంది, శబ్దము తక్కువ, నాలుగు చుక్కల నీరు పడినా కొంత ఓర్చుకొంటుంది. కాని రబ్బరు అలసిపోయిన కొలది స్పర్శ మెత్తబడుతుంది. ఏ మీట ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. మొరాయించిన ఒక్క మీటను మార్చుకొనే వీలు సాధారణముగా ఉండదు. మెకానికల్ కీబోర్డులో అట్లు కాదు. అక్కడ ప్రతి మీటకు తన స్విచ్చి తనకు వేరుగా ఉంటుంది. దానిలో ఒక స్ప్రింగు, పైకి క్రిందికి జారే ఒక కాడ, కలిసి విడిపోయే రెండు లోహపు రేకులు. మీట సగము దూరము దిగేసరికే అక్షరము పడిపోతుంది. అడుగుదాకా మోదవలసిన పని లేదు.

ఇది క్రొత్త వింత కూడ కాదు. షోల్స్ రూపొందించిన టైపు మిషనును రెమింగ్టన్ కంపెనీ 1874లో బజారుకు తెచ్చిన నాటి నుండి మీట క్రింద యంత్రమే ఉండేది. 1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరుతో ఇచ్చిన కీబోర్డులోను, 1985లో వచ్చిన మోడల్ ఎం కీబోర్డులోను మీట నొక్కగానే వంగి టక్కుమనే స్ప్రింగు ఉండేది. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. అనే స్విచ్చిని 1980వ దశకపు తొలి సంవత్సరాలలో తెచ్చినది. కంప్యూటరు ఇంటింటి వస్తువు అయిన కొలది ఖర్చు తగ్గించుకొనేందుకు తయారీదారులు రబ్బరు వైపు మళ్లినారు. ఎం.ఎక్స్. పేటెంటు గడువు తీరిన తరువాత, 2010వ దశకములో గేటరాన్, కైల్, ఔటెము వంటి చైనా సంస్థలు అదే ఆకారములో స్విచ్చిలు విరివిగా చేయగా ధరలు దిగివచ్చి, పాత అలవాటు మరల ప్రాణము పోసుకొన్నది.

ఇప్పుడు అంగడిలో అడుగు పెట్టిన విద్యార్థిని తికమక పెట్టేది రంగుల గొడవ. ఎరుపు, గోధుమ, నీలము అని పేర్లు చెబుతారు. రంగుల వెనుక ఉన్నవి మూడు స్వభావాలు మాత్రమే. మొదటిది అడ్డు లేకుండా నున్నగా దిగేది. దీనిని లీనియర్ అంటారు. చెర్రీ ఎరుపు ఈ జాతిది: 45 సెంటీన్యూటన్ల బలముతో, అనగా దాదాపు 45 గ్రాముల బరువుతో నొక్కితే చాలు, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరము పడుతుంది, మొత్తము దిగే దూరము 4 మిల్లీమీటర్లు. రెండవది మధ్యలో చిన్న గతుకు తగిలేది. దీనిని టాక్టైల్ అంటారు. చెర్రీ గోధుమ ఈ జాతిది. గతుకు దాటేందుకు 55 వరకు బలము కావలెను. మూడవది గతుకుతో పాటు టక్కుమని శబ్దము కూడ చేసేది. దీనిని క్లికీ అంటారు. చెర్రీ నీలము ఈ జాతిది. దీనికి 60 వరకు బలము, 2.2 మిల్లీమీటర్ల దూరము.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ రంగులు చట్టము చేసినవి కావు. ఒక కంపెనీ వారి గోధుమ, మరొక కంపెనీ వారి గోధుమ ఒకే తీరుగా ఉండవలెనన్న నియమము లేదు. కావున రంగును చూచి కాక, జాతిని, బలమును, దూరమును అడిగి కొనవలెను. బియ్యము కొనేవారు సంచి రంగు చూడరు గదా, గింజ చూస్తారు.

మా అనుభవము కూడ చెప్పుకొనవలెను. మేము బడి వయస్సులో మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూటులో లోయరు, హయ్యరు కట్టినవారము. ఆ బరువైన మిషన్ల మీద చిటికెన వ్రేలితో మీట కొట్టడమంటే చిన్న వ్యాయామమే. ఆ మమకారము కొద్దీ మొదట నీలము స్విచ్చిల కీబోర్డును కొన్నాము. ప్రతి అక్షరమునకు ఒక టక్కు! వ్రాస్తున్నామన్న తృప్తి మెండు. కాని ఆ తృప్తి మా యొక్కరిదే. రాత్రి పది దాటిన తరువాత ప్రశ్నాపత్రము తయారు చేస్తూ ఉంటే ప్రక్క గదిలో పసివాడు ఉలిక్కిపడి లేచేవాడు. స్టాఫ్ రూములో పెట్టి చూచినాము. వారము తిరగక ముందే సహోద్యోగులు చిరునవ్వుతోనే దానిని మరల ఇంటికి పంపినారు. మన సుఖము మన చెవికి సంగీతమైనా, ప్రక్కవారి చెవికి సంగీతము కానక్కర లేదు.

పిమ్మట తేలికైన ఎరుపునకు మారినాము. హాయిగా ఉన్నది. కాని వ్రేళ్లను మీటల మీద ఆనించి ఆలోచించే అలవాటు మాకు ఉన్నది. ఆనించినంత మాత్రముననే అక్షరాలు పడిపోయేవి. తుదకు గోధుమ వద్ద ఆగినాము. దాని గతుకు అతి స్వల్పము, ఉన్నదా లేదా అని కొందరు ఎగతాళి చేస్తారు. మాకు మాత్రము ఆ స్వల్పమే చాలినది. ఇది మా చేతికి తగిన తీర్పు. అందరికీ వర్తించే తీర్పు అని మేము అనడము లేదు.

నడుమ ఒక మోసము కూడ జరిగినది. ఒక దుకాణములో "మెకానికల్ అనుభూతి" అని పెట్టె మీద అచ్చువేసిన కీబోర్డును మెకానికల్ అనుకొనే కొన్నాము. మీటను ఊడదీసి చూస్తే లోపల అదే రబ్బరు గుమ్మటము, పైన రంగురంగుల దీపాలు! అబద్ధమని అనడానికి లేదు. అనుభూతి అన్నారే గాని స్విచ్చి అనలేదు. పెట్టె మీద స్విచ్చి పేరు స్పష్టముగా లేనిది కొనరాదని అప్పుడు నేర్చుకొన్నాము.

మరి ఏ స్విచ్చి మేలు? ఈ ప్రశ్నకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఎవరు వ్రాస్తారు? ఏ భాషలో వ్రాస్తారు? ఎక్కడ కూర్చొని వ్రాస్తారు?

భాష సంగతి తరచుగా మరచిపోతారు. స్విచ్చిలను గూర్చి వినవచ్చే అభిప్రాయాలలో చాలవరకు ఇంగ్లీషు వ్రాసేవారివి, లేదా ఆటలు ఆడేవారివి. ఇంగ్లీషులో షిఫ్టు మీట పని ముఖ్యముగా వాక్యము మొదట, పేర్ల మొదట. మన భాషలలో అట్లు కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తు పలుకులకు, పదము మొదట వచ్చే అచ్చులకు షిఫ్టు నొక్కవలెను. "భాష" అన్న రెండక్షరాల మాటకే షిఫ్టు రెండు సార్లు కావలెను. ఉర్దూ ఫొనెటిక్ పద్ధతిలో కూడ తే, దాల్, రే మీటల మీదనే షిఫ్టుతో టే, డాల్, డే వస్తవి. షిఫ్టును నొక్కేది చిటికెన వ్రేలు; వ్రేళ్లలో కెల్ల బలహీనమైనది. కావున బరువైన స్విచ్చి ఇంగ్లీషు వ్రాసేవానికి సరిపడినా, తెలుగు, ఉర్దూ గంటల తరబడి వ్రాసేవారి చిటికెన వ్రేలికి భారమే. మన విద్యార్థులకు 45 నుండి 55 వరకు ఉన్నవి చాలునని మా నమ్మకము.

స్థలము సంగతి. మన ప్రయోగశాలకు, పఠన మందిరమునకు మధ్య ఉన్నది ఒక్క గోడ. నలుబది మంది ఒక్కసారిగా నీలము స్విచ్చిల మీద అభ్యాసము మొదలు పెడితే రేకుల మీద వడగండ్ల వాన కురిసినట్లే ఉంటుంది. అక్కడ క్లికీ జాతికి తావు లేదు. గతుకుండి శబ్దము లేనిది, లేదా కాడలో మెత్తని పొర అమర్చి చప్పుడు తగ్గించిన జాతి తగును. అయినా మీట అడుగును తాకే చప్పుడు ఏ స్విచ్చికైనా కొంత ఉంటుందని మరువరాదు.

మన్నిక సంగతి. చెర్రీ వారు తమ ఎరుపు, గోధుమ స్విచ్చిలకు పది కోట్ల నొక్కులని, నీలమునకు ఐదు కోట్లని చెబుతారు. పెద్ద అంకెలు చూచి మురిసిపోనక్కర లేదు, లెక్క వేసుకొందాము. మన డి మీటనే తీసుకొని దినమునకు వేయి సార్లు, సంవత్సరమునకు 250 దినాలు నొక్కినామనుకొంటే ఏటికి రెండున్నర లక్షలు. ఐదు కోట్లు పూర్తి కావడానికి 200 సంవత్సరాలు! కనుక స్విచ్చిని చంపేది నొక్కు కాదు. దుమ్ము, టీ చుక్క, అశ్రద్ధ. అందువలన అంకెల కన్న ముఖ్యమైనది మరమ్మతు. హాట్‌స్వాప్ అనే ఏర్పాటు ఉన్న కీబోర్డులో చెడిపోయిన స్విచ్చిని టంకము పనితో నిమిత్తము లేకుండా చిన్న పట్టకారుతో ఊడబెరికి, క్రొత్తది గుచ్చవచ్చును. నాడు ఆ డి మీటకు ఈ సౌకర్యము ఉండి ఉంటే ఐదు నిమిషాల పని. ఒక అమ్మాయి నెల దినాల దిగులు తప్పి ఉండేది.

ఇక ఆక్షేపణలు. ఖర్చు ఎక్కువ అన్నది మొదటిది. నిజమే. సాధారణ కీబోర్డుకు పెట్టే ధరకు మెకానికల్ దొరకదు. కొన్ని రెట్లు పెట్టవలెను. పిండి కొద్దీ రొట్టె అన్నారు గనుక కళాశాల నిధి అంతా దీని మీద పెట్టుమని మేము చెప్పము. రెండవది, పరీక్షా కేంద్రములో మామూలు కీబోర్డే ఎదురైతే ఇక్కడి అలవాటు అక్కడ అక్కరకు రాదు గదా అన్నది. ఇది గట్టి ఆక్షేపణ. పరీక్షకు కొన్ని వారాల ముందు నుండి విద్యార్థి మామూలు కీబోర్డు మీదనే అభ్యాసము చేయవలెను. కాని ఆ మామూలు కీబోర్డు చెడిపోయినదిగా ఉండరాదు. మూడవది, ఇది వ్రేళ్ల నొప్పికి మందు అన్న ప్రచారము. దీనిని మేము సమర్థించము. మెకానికల్ కీబోర్డులు సాధారణముగా ఎత్తు ఎక్కువ. బల్ల ఎత్తు, కుర్చీ ఎత్తు సరిపోకపోతే మణికట్టు పైకి వంగి నొప్పి పెరగనూవచ్చును. కూర్చొనే తీరు సరిదిద్దుకొనక స్విచ్చిని మార్చినందువలన ప్రయోజనము లేదు.

విద్యార్థి సోదరులకు ఒక మాట. స్విచ్చిలను విప్పి నూనె పూయడము, స్ప్రింగులు మార్చడము, రంగు మీటలు సేకరించడము ఈనాడు ఒక సరదాగా మారినది. సరదాను మేము తప్పు పట్టము. కాని మెస్సు బిల్లు బాకీ పెట్టి మీటలు కొనేవారిని చూస్తే పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సామెత గుర్తుకు వస్తుంది. ఎవరో గొప్ప ఆటగాడు వాడినాడని కొనకుము. నీ వ్రేలితో నొక్కి చూచి కొనుము.

కమిటీ పెద్దలకు మా మనవి నాలుగు అంశాలు. ఒకటి: ప్రతి టర్ము మొదట ప్రయోగశాలలోని ప్రతి కీబోర్డును మీట మీటకూ పరీక్షించి, చెడినవాటిని వెంటనే తొలగించవలెను. దీనికి ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నము చాలును. రెండు: తెలుగు, ఉర్దూ టైపు అభ్యాసము కొరకు ఆరు హాట్‌స్వాప్ కీబోర్డులు, తేలికపాటి గతుకున్నవి, శబ్దము లేనివి, కొని ఒక వరుసలో పెట్టవలెను. వాటి మీటలకు ఇంగ్లీషుతో పాటు మూడున ఉర్దూ, మూడున తెలుగు అక్షరాల బిళ్లలు అంటించవలెను. మూడు: రకానికి ఒకటి చొప్పున కొన్ని స్విచ్చిలు గుచ్చిన చిన్న నమూనా పలకను గ్రంథాలయ బల్ల మీద ఉంచవలెను. చెప్పులు తొడిగి చూచి కొన్నట్లే స్విచ్చిని నొక్కి చూచి తెలుసుకొనవచ్చును. చదివి తెలిసేది కాదు. నాలుగు: విడి స్విచ్చిలు ఒక డజను, పట్టకారు ఒకటి ప్రయోగశాల బీరువాలో ఉండవలెను. వాటిని మార్చే పని విద్యార్థులకే నేర్పవలెను.

ఆ విద్యార్థిని వేరొక కీబోర్డు మీద అభ్యాసము కొనసాగించినది. మొదటి దినము అచ్చుకాగితము తెచ్చి మా బల్ల మీద పెట్టి నిలబడినది. "స్త్రీ" సరిగా ఉన్నది. "విద్యార్థి" సరిగా ఉన్నది. "చూడండి సార్" అన్నది, అంతే. ఆమెకు క్షమాపణ ఆనాడు నోటితో చెప్పినాము. ఈనాడు వ్రాతతో కూడ చెబుతున్నాము. ఇకపై ఏ విద్యార్థి అయినా "నాకు రావడము లేదు" అన్నప్పుడు, మందలించక ముందు ఒకసారి ఆ కుర్చీలో మేము కూర్చొని, అదే మీటను మా వ్రేలితో నొక్కి చూస్తాము. కమిటీ పెద్దలను కూడ ఒకనాటి మధ్యాహ్నము వచ్చి, ఆ వరుసలో కూర్చొని, తమ పేర్లను తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి టైపు చేసి చూడవలసినదిగా సవినయముగా ప్రార్థిస్తున్నాము.